తమ్ముడికి నా మూలకణాలు ఇవ్వాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. హాడ్జ్‌కిన్ లింఫోమాకి (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కీమో అయిన ఏడాదికే మెడ దగ్గర గడ్డ మళ్లీ వచ్చింది. స్టెమ్‌సెల్ (రక్తాన్ని తయారుచేసే మూలకణాల) మార్పిడి చేయాలన్నారు. నా వెన్నుపూసలోంచి తీస్తారని ఊళ్లో అంటుంటే అమ్మకి ఒకటే టెన్షన్.
– ఒక అక్క, పలాస

జవాబు: వెన్నుపూస జోలికి ఎవరూ వెళ్లరని ముందు అమ్మగారికి చెప్పండమ్మా. తిరగబెట్టిన హాడ్జ్‌కిన్‌కి సాధారణంగా తమ్ముడి సొంత కణాలే వాడతారు. వేరేవాళ్లవి కావాల్సి వస్తే అప్పుడు మీవి సరిపోతాయా అని మీకు టెస్టు చేస్తారు, తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. ముందు కీమోతో జబ్బును తగ్గించి, కొన్నాళ్లు ఇంజెక్షన్లిచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పించి, మెషిన్‌తో వేరుచేసి బాగా చల్లబరిచి ఫ్రీజ్ చేసి దాస్తారు. తర్వాత హైడోస్ కీమో ఇచ్చి, వాటిని రక్తం సీసా ఎక్కించినట్టే ఎక్కిస్తారు. ఆ రోజు తమ్ముడి ఒంటి నుంచి వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది, కంగారుపడకండి, అది కణాలు పాడవకుండా కలిపిన మందుది.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. కణాలు కుదురుకోవడానికి రెండు వారాలు పట్టొచ్చు, ఇమ్యూనిటీ కోలుకోవడానికి నెలలు. పలాస వచ్చాక అర్ధరాత్రి జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి బయల్దేరండి. ఇంకోటి, మొహమాటపడకుండా అడగండి: హైడోస్ కీమోతో పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు కాబట్టి, దానికి ముందే వీర్యం భద్రపరచుకోవచ్చా అని.