సిమ్యులేషన్ 1449 అంటుంది, మోటర్ 1440 అంటుంది

ప్రశ్న: మా కాలేజీలో మెషీన్స్ ల్యాబ్ నేనే చూస్తాను. మూడు ఫేజుల ఇండక్షన్ మోటర్ లోడ్ టెస్టులో ఫుల్ లోడ్ దగ్గర సిమ్యులేషన్ 1449 ఆర్‌పీఎం చూపిస్తే, మోటర్ 1440 దగ్గరే తిరుగుతుంది. పిల్లలు రికార్డులో 1449 రాసేసి గ్రాఫ్ అందంగా గీసేస్తున్నారు. సిమ్యులేషన్ మానేయమంటారా?
– ఒక లెక్చరర్, గుంటూరు

జవాబు: మానేయొద్దండీ, అసలు పాఠం ఆ 9 ఆర్‌పీఎం తేడాలోనే ఉంది, మీ వాళ్లు దాన్నే చెరిపేస్తున్నారు. బ్లాక్డ్ రోటర్ టెస్టు (మోటర్‌లో తిరిగే భాగమైన రోటర్‌ని కదలకుండా పట్టి చేసేది) పొద్దున్నే మోటర్ చల్లగా ఉండగా చేసి, ఆ రోటర్ రెసిస్టెన్సే మోడల్‌లో పెట్టి ఉంటారు. లోడ్ మీద గంట నడిచేసరికి రోటర్‌లోని అల్యూమినియం కడ్డీలు 30 డిగ్రీల నుంచి 75కి చేరాయనుకోండి, రెసిస్టెన్స్ దాదాపు 18 శాతం పెరుగుతుంది, అదే టార్క్‌కి స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటర్ ఎంత వెనకబడుతుందో ఆ తేడా) కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. నాలుగు పోల్స్ మోటర్ కాబట్టి ఆ క్షేత్రం వేగం 1500, అందులోంచి మోటర్ వేగం తీసేసి చూడండి: చల్లగా ఉన్నప్పుడు 51, వేడెక్కాక 60. మీ రెండు అంకెలూ వచ్చేశాయి! కారణం కచ్చితంగా ఇదేనని ఇక్కడ కూర్చుని ఒట్టేయలేను గానీ, తేల్చుకోవడం తేలికే. లోడ్ టెస్టు అయిన వెంటనే, మోటర్ చల్లారకముందే బ్లాక్డ్ రోటర్ టెస్టు మళ్లీ చేయించి, కొత్త విలువతో సిమ్యులేషన్ నడపమనండి.

కాపీ సంగతికొస్తే, స్విచ్ వేయకముందే సిమ్యులేషన్ అంకెలు అబ్జర్వేషన్ బుక్‌లో పెన్నుతో రాయించి మీరు సంతకం పెట్టేయండి. పక్క కాలమ్‌లో మోటర్ చెప్పింది, ఆ పక్కన తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు. మార్కులు ఆ మూడో కాలమ్‌కే వేయండి, రెండు అంకెలూ అచ్చంగా కలిసిన రికార్డు కనిపిస్తే మాత్రం నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడగండి.

నో లోడ్ టెస్టులో ఇంకో సంగతి ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.5 కన్నా తగ్గితే రెండు వాట్‌మీటర్లలో ఒకటి మైనస్ కావాలి. సిమ్యులేషన్ చడీచప్పుడు లేకుండా మైనస్ అంకె ఇచ్చేస్తుంది, ల్యాబ్‌లో ముల్లు జీరో కిందకి టక్కున కొట్టుకుంటుంది, పిల్లలు మీటర్ పాడైందనుకుని టెన్షన్ పడతారు. సప్లై ఆపి, ఆ వాట్‌మీటర్ కరెంట్ కాయిల్‌కి వెళ్లే ఎం, ఎల్ తీగలు తిప్పి కలిపి, ఆ రీడింగును మైనస్‌గా రాసుకోవాలని అప్పుడు చెబితే ఎక్కినట్టు క్లాసులో బోర్డు మీద చెబితే ఎక్కదు.

అన్నట్టు, ఇవన్నీ మొదలెట్టే ముందు బ్రేక్ డ్రమ్ మీద ఉన్న స్ప్రింగ్ బ్యాలెన్సులు జీరో దగ్గరున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.