సెయిల్‌బోట్‌లో సెయింట్ జాన్: రోజుకో బే వద్దు, మూడు చోట్ల ఆగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: నలుగురు, ఆరు రాత్రులు, సెయింట్ థామస్‌లో తెరచాప బోటు అద్దెకు తీసుకుని రోజుకో బే (ఒడ్డులోకి వంగిన చిన్న అఖాతం) చొప్పున పక్కనున్న సెయింట్ జాన్ మొత్తం చుట్టి రావచ్చా అని. రెండూ కరీబియన్ సముద్రంలో అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లోని ద్వీపాలు. చుట్టి రావచ్చండీ. మేం మొదటిసారి చేసింది అదే. ఇంటికొచ్చాక చూసుకుంటే ఫోన్ నిండా నీలం నీళ్ళ ఫొటోలే తప్ప, కాలికి మట్టి అంటిన గుర్తే లేదు. రెండోసారి మూడు చోట్లే ఆగి, పొద్దున్నే డింగీ (బోటు వెనక కట్టుకునే చిన్న పడవ) వేసుకుని ఒడ్డుకెళ్ళి నడిచాం. ద్వీపం అంతా కలిపితే ఓ 20 చదరపు మైళ్ళు. అందులో సగానికి పైగా 1956లో ఏర్పడిన నేషనల్ పార్కే. కాబట్టి ఎక్కడ దిగినా దగ్గర్లో ఏదో ఒక ట్రెయిల్, అంటే నడక దారి, ఉంటుంది.

ఉత్తరాన ట్రంక్ బే, సినమన్ బే, మాహో బే అందరికీ తెలిసినవే. చలికాలంలో ఉత్తరం నుంచి అలల పోటు వస్తే రాత్రంతా ఉయ్యాలే. మా ఆవిడకి మాహోలో ఒక్క రాత్రికే తిక్క తిరిగింది. పగలు తాబేళ్ళని చూడ్డానికి ఆగండి, నిద్రకి మాత్రం లీన్‌స్టర్ బే మేలు. అక్కడ నీళ్ళు చాలా వరకు నిలకడగా ఉంటాయి. పార్కు వాళ్ళ మూరింగ్ బాల్స్ (లంగరు వేయకుండా బోటు కట్టుకునే తేలే బంతులు) తెల్లగా, నీలం చారతో కనిపిస్తాయి. మేం వెళ్ళినప్పుడు రాత్రికి 26 డాలర్లు. దక్షిణ తీరంలో లంగరు వేయడమే నిషేధం, అడుగున సముద్రపు గడ్డి, పగడాలు పాడవుతాయని. మధ్యాహ్నం మూడు దాటాక, పగటి పూటకే వచ్చే డే బోట్లు వెళ్ళిపోతాయి, బాల్ దొరకలేదని పొద్దున్నే కంగారు పడకండి.

లీన్‌స్టర్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒడ్డు వెంబడి ఒక మైలు కూడా లేని దారి ఆనబెర్గ్ చక్కెర మిల్లు శిథిలాల దాకా తీసుకెళ్తుంది. నేను అనకాపల్లి వైపు వాణ్ణి, బెల్లం వండే పొయ్యిల పక్కన ఆడుకున్నవాణ్ణి. అక్కడ వరసగా పెనాలు పెట్టి చెరకు రసం కాచిన గది చూడగానే, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకం ఎలా తోడేవాళ్ళో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గోడని దగ్గరగా చూడండి. రాళ్ళూ ఇటుకల మధ్య పగడపు ముక్కలు పేర్చి కట్టారు. ఒకదాని మీద మెదడు మడతల్లాంటి గీతలు ఇంకా వేలికి తగులుతాయి. వాటిని సముద్రంలోంచి తెచ్చిందీ, పేర్చిందీ బానిసలు.

మిల్లు ముందు నిలబడితే ఎదురుగా టోర్టోలా ద్వీపపు కొండలు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర అనిపిస్తాయి. అది బ్రిటిష్ వాళ్ళది, 1834లో అక్కడ బానిసత్వం రద్దయింది. ఇటు డేనిష్ పాలనలో 1848 దాకా కాలేదు. ఆ పద్నాలుగేళ్ళూ ఇక్కడివాళ్ళు ఆ కొండల్ని చూస్తూ చెరకు నరికారు. కొందరు దొరికిన పడవలో, కొందరు ఈదుతూ ఆ జలసంధి దాటే ప్రయత్నం చేశారు. మా బోటు ఆ నీళ్ళ మీదే ఊగుతోందని ఆ రాత్రి డెక్ మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చి, కాసేపు ఎవరం మాట్లాడలేదు. 1733లో ఇదే ద్వీపంలో కోరల్ బే వైపు మొదలైన బానిసల తిరుగుబాటు గురించి కూడా వెళ్ళేముందు కాస్త చదివి వెళ్ళండి. డెన్మార్క్ ఈ ద్వీపాల్ని అమెరికాకి 25 మిలియన్ డాలర్లకి అమ్మింది 1917లో మాత్రమే.

అదే బేలో వాటర్‌లెమన్ కే అనే బుల్లి దిబ్బ చుట్టూ స్నార్కెలింగ్ (ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి అడుగు చూస్తూ ఈదడం) చేయొచ్చు. వెళ్ళే దారిలో గడ్డి మీద అరచేయంత సముద్ర నక్షత్రాలుంటాయి, చూడండి కానీ పైకి తీయకండి. దిబ్బకి అవతలి వైపు నీటి లాగుడు ఎక్కువ, పిల్లలుంటే ఇవతలే ఉండండి.

తర్వాత దక్షిణానికి, గ్రేట్ లేమ్‌షర్ బే. రీఫ్ బే ట్రెయిల్‌కి రోడ్డు మీంచి వచ్చేవాళ్ళు కొండ మీంచి దిగి, మళ్ళీ ఎండలో ఎక్కాలి. బోటు వాళ్ళకి లేమ్‌షర్ వైపు నుంచి ఇంకో దారి ఉంది. ఒక గట్టు ఎక్కి దిగాలి, అంతే. మధ్యలో నీటి గుంట పక్కన రాళ్ళ మీద టైనో ఆదివాసులు చెక్కిన ముఖాలుంటాయి. వాళ్ళు కొలంబస్‌కి ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్ళు. నీళ్ళలో వాటి నీడ పడి, కింద ఇంకో ముఖం ఉన్నట్టు కనిపిస్తుంది.

సాల్ట్ పాండ్ బేలోకి వెళ్ళేటప్పుడు ముఖద్వారం మధ్యలో నీళ్ళకి సమంగా ఉన్న బండలు జాగ్రత్త. అక్కడి నుంచి రామ్ హెడ్‌కి ఒక మైలు నడక. దారంతా జెముళ్ళు, దేవగన్నేరు చెట్లు, చివర్న 200 అడుగుల కొండ అంచు. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే పదకొండింటికి, హవాయి చెప్పులతో, నలుగురికి ఒక లీటరు నీళ్ళతో బయల్దేరడం. ఒక్క చెట్టు నీడ లేదు. సగం దారిలో జెముడు ముల్లు చెప్పు అడుగులోంచి దిగి మడమలో విరిగింది. మా ఆవిడ పిన్నీసుతో తీస్తూ అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆరున్నరకే బయల్దేరండి, బూట్లు వేసుకోండి, మనిషికి లీటరు పెట్టుకోండి.

పక్కనే డ్రంక్ బే. ఈతకి పనికిరాదు, అలలు కొట్టేస్తాయి. కానీ ఒడ్డు పొడవునా వచ్చినవాళ్ళు చచ్చిన పగడపు ముక్కలతో పేర్చిన మనుషుల బొమ్మలుంటాయి. కొబ్బరి చిప్ప తల, నాచు జుట్టు. మా పాప గంటన్నర అక్కడే కూర్చుని వాళ్ళ తాతయ్యని చేసింది, చేతికర్రతో సహా.

ఇంక చిన్నవి. బీచ్‌లో ఆకుపచ్చ బుల్లి ఆపిల్ లాంటి కాయలుండే మాంచినీల్ చెట్టు విషం. కాయ ముట్టొద్దు, వానలో దాని కింద నిలబడొద్దు. మామూలు సన్‌స్క్రీన్ చాలావాటికి అక్కడ నిషేధం ఉంది, జింక్ ఆక్సైడ్‌తో చేసింది కొనుక్కెళ్ళండి. అమెరికా భూభాగమే కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో వదిలేయకండి. తిరుగు విమానం ఎక్కేముందు సెయింట్ థామస్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళు అడుగుతారు, హెచ్1బీ మీద ఉంటే ఆ కాగితాలు కూడా. ఎదురుగా ఉంది కదా అని టోర్టోలాకి బోటు తిప్పారా, అది వేరే దేశపు కస్టమ్స్. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆగాలి, సగం రోజు పోతుంది. ఆ సగం రోజు లీన్‌స్టర్‌లోనే గడపండి.