కాణిపాకంలో ప్రమాణం చేస్తే కేసు పోతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అమ్మ ఊళ్లోనే ఒకరింట్లో పనిచేస్తుంది. పోయిన నెల వాళ్ల బీరువాలో గొలుసు కనపడలేదని అమ్మ మీద అనుమానపడి, పోలీసులకు చెప్పకుండా పంచాయితీ పెట్టారు. కాణిపాకంలో ప్రమాణం చెయ్యాలట, లేదంటే యాభై వేలు తప్పు కట్టాలట, స్టేషన్‌కు పోతే మమ్మల్ని వెలేస్తారట. 'ఒప్పేసుకుని కాళ్లు మొక్కితే ఇక్కడితో పోతుంది కదా' అని మా బంధువులే అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ బంధువుల మాట పక్కన పెట్టండి. మీ అమ్మ తియ్యనిదాన్ని తీశానని ఎవరి ముందూ ఒప్పుకోకూడదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో రుజువుగా చెల్లదు గానీ, ఊరి పెద్దల ముందు ఒప్పుకున్నది చెల్లే అవకాశం ఉంది, ఆ పదిమందిలో ఎవరైనా రేపు బోనెక్కి 'మా ముందే ఒప్పుకుంది' అని చెప్పొచ్చు. కోర్టులు దాన్ని బలహీనమైన సాక్ష్యంగానే చూస్తాయి, కానీ అన్నేళ్లూ ఆ టెన్షన్ పడేది మీరే.

తప్పు కట్టినా కేసు పోదు. దోపిడీ కేసు వదిలేస్తాను, సొమ్ము విలువ ఇచ్చెయ్ అనే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉదాహరణ ఉంది. మామూలు దొంగతనంలో సొత్తు గలవాళ్లు రాజీ పడొచ్చు, ఇంట్లో జరిగిన దొంగతనం మాత్రం రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. పైగా భయపెట్టి డబ్బు గుంజడం దానికదే నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

ఇక ప్రమాణం. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే మన వైపు ఎంత మొండివాడైనా జంకుతాడు, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను. ఒకప్పుడు చట్టం కూడా తక్కువ చెయ్యలేదు: 1873 ప్రమాణాల చట్టం కింద, ఎదుటివాళ్లు ఫలానా ప్రమాణం చేస్తే కట్టుబడతానని ఒక పక్షం ఒప్పుకుంటే కోర్టు దాన్ని తిరుగులేని రుజువుగా తీసుకునేది. 1969లో వచ్చిన కొత్త చట్టం ఆ పద్ధతిని వదిలేసింది. అమ్మ తనంతట తాను చేస్తానంటే చెయ్యనివ్వండి, ఊళ్లో ఆమె మాటకు బలం వస్తుంది. కానీ చెయ్యనంటే దొంగే అనడం ఘోరం, ఏ పాపం ఎరగనివాళ్లు కూడా దేవుడి పేరెత్తడానికి భయపడతారు. అయినా ఆ క్షేత్రం కథలోనే చూడండి, అడక్కుండా మామిడిపండు కోసుకున్న తమ్ముడు లిఖితుణ్ణి అన్న శంఖుడు తానే శిక్షించలేదు, రాజు దగ్గరకు పంపాడు. పెద్దమనుషులు నచ్చజెప్పొచ్చు, పోయిన వస్తువు దొరికేలా చూడొచ్చు. శిక్ష వెయ్యడం వాళ్ల పని కాదు.

స్టేషన్ అంటే భయపడకండి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప ఆడవాళ్లను పొద్దుగూకాక అరెస్టు చెయ్యకూడదు. మీరు ఎస్సీ, ఎస్టీలైతే, వేరే కులంవాళ్లు వెలేస్తామని బెదిరించడం అట్రాసిటీ చట్టం కింద నేరం.

పంచాయితీలో ఎవరేమన్నారో తేదీతో రాసిపెట్టుకోండి. స్టాంపు పేపరు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యనివ్వకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చెయ్యండి, లేదా చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఈ వారమే వెళ్లండి. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, జరిగింది ఆమె నోటితోనే చెప్పనివ్వండి.