ఆటిజం పెరిగిందా, గుర్తించడం పెరిగిందా?

‘మా చిన్నప్పుడు ఆటిజం అన్న మాటే వినలేదు, ఇప్పుడు ఎటు చూసినా అదే. ఇంతమందికి ఎందుకొస్తోంది?’ అని అడిగారు. మా తమ్ముడు ఆటిస్టిక్. ఆ సంగతి వాడికి ముప్ఫై దాటాక గానీ తేలలేదు. మీ చిన్నప్పుడూ ఇలాంటివాళ్ళు ఉన్నారండీ, ఎవరూ గుర్తించలేదంతే.

మావాణ్ణి మొండివాడనేవాళ్ళు, పొగరనేవాళ్ళు. ముఖం చూసి మాట్లాడడని టీచర్లు తిట్టేవాళ్ళు. క్లాసులో ట్యూబులైటు సన్నగా గుయ్‌మంటుంటే వాడికి పాఠం బుర్రకెక్కేది కాదు. ఆ చప్పుడు మిగతావాళ్ళెవరి చెవికీ ఆనేది కాదు, దాంతో సాకులు చెబుతున్నాడనుకునేవాళ్ళు. మాటలు వేళకే వచ్చాయి, లెక్కలు చకచకా చేసేవాడు. అలాంటి పిల్లాడికి ఆటిజం ఉండొచ్చని అప్పట్లో ఎవరికి తడుతుంది?

1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసినప్పుడు ఇది చాలా అరుదనుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, తల్లి ప్రేమగా పెంచకపోవడమే కారణమని ప్రచారం చేశారు. ఏ ఆధారమూ లేని ఆ మాట ఎందరు తల్లులను కుంగదీసిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యురాలు రాసిన వ్యాసంతో, చక్కగా మాట్లాడేవాళ్ళలోనూ ఇది ఉంటుందన్న అవగాహన పెరిగింది. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీనికున్న వేర్వేరు పేర్లన్నిటినీ ఒకే స్పెక్ట్రమ్ కిందికి, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా, ఎక్కువ తక్కువలతో కనిపించే ఒకే స్థితిగా తెచ్చింది. శబ్దాలు, వెలుతురు భరించలేకపోవడాన్నీ లక్షణాల్లో చేర్చింది. అంటే మావాడి ట్యూబులైటు బాధకు అప్పుడు గానీ చోటు దొరకలేదు.

అమెరికాలో 2000లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 150 మందికి ఒకరిని గుర్తిస్తే, 2022 నాటికి 31 మందికి ఒకరిని గుర్తించారు. ఇందులో చాలా భాగం నిర్వచనం విస్తరించడం వల్ల, ఆడపిల్లల్లోనూ గుర్తించడం వల్ల వచ్చిందే. టీకాలకు సంబంధం లేదు. ఆ పుకారు లేపిన 1998 నాటి వ్యాసాన్ని దాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు, ఆటిస్టిక్ మనుషులే తమ గురించి తాము మాట్లాడటం. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిస్టికే, 2012లో ఒక మాటన్నాడు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది, వాళ్ళకు మనం ఎంత అర్థం కామో మనకూ వాళ్ళు అంతే. మెదళ్ళు రకరకాలుగా పనిచేయడం సహజమేనన్న ఈ ఆలోచననే న్యూరోడైవర్సిటీ అంటారు. అలాగని సాయం అక్కర్లేదని మాత్రం కాదు. మాటలు రాని, రోజంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పిల్లలున్నారు. వాళ్ళ అమ్మానాన్నల అలసటను పక్కనపెట్టి ‘ఇదీ ఒక ప్రత్యేకతే’ అనేస్తే నాకు బాధేస్తుంది.

మావాడు ఇప్పుడు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు, చెప్పాల్సిన పని మెయిల్‌లో పెట్టమంటాడు. అంతే, టెన్షన్ సగం తగ్గింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరి మీదైనా ఈ అనుమానం ఉండి అడిగారంటే, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత స్కూల్ రిపోర్టులు పట్టుకెళ్ళండి, చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళను వెంటబెట్టుకెళ్ళండి. సైకాలజిస్టులు ఎక్కువగా అడిగేది బాల్యం గురించే.