ఫైనల్స్‌లో ప్రత్యర్థి వదిలేసిన ఆటగాడు

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ఫైనల్స్‌లో చివరికి ఫలితాన్ని తేల్చేది స్టార్ ఆటగాళ్లే కదా, పదో పన్నెండో పాయింట్లు చేసే మిగతావారి గురించి విశ్లేషకులు అంతగా ఎందుకు మాట్లాడతారని మీరు అడిగారు. కాలేజీ జట్టులో నేను మూడేళ్లు ఆ మిగతావారిలో ఒకడిగా ఆడాను. తరువాత ఉద్యోగరీత్యా డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు 2011 ఫైనల్స్‌ను ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా చూశాను. స్టార్ ఎంత స్కోరు చేస్తాడో రెండు జట్లకూ ముందే ఒక అంచనా ఉంటుంది. అతన్ని ఇద్దరితో కట్టడి చేయాలంటే మిగిలిన నలుగురిలో ఎవరిని వదిలేయాలన్నదే ప్రత్యర్థి కోచ్ తేల్చుకోవలసిన విషయం. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారిదయ్యే ఆ సిరీస్ ఆ వదిలేసిన ఆటగాడి చేతిలోనే చాలాసార్లు మలుపు తిరుగుతుందని నా అభిప్రాయం.

ఇది నాకు మొదట అర్థమైంది కాకినాడలో, సిమెంటు కోర్టు మీద జరిగిన ఒక అంతర కళాశాలల సెమీఫైనల్‌లో. మా కెప్టెన్ ఆరడుగులు దాటిన మనిషి, మా పాయింట్లలో సగం అతనివే. రెండో క్వార్టర్ నుంచి నన్ను కాపలా కాయవలసిన కుర్రాడు నాకు వీపు పెట్టి కెప్టెన్ వైపు జరిగి నిలబడ్డాడు. మూలన ఒంటరిగా ఉన్న నాకు బంతి ఐదుసార్లు వచ్చింది. దరిదాపుల్లో ఎవరూ లేకపోయినా నేను వేయగలిగింది ఒక్కటే. మేము ఓడిపోయాము. మా పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) గారు నన్ను కోప్పడలేదు. "నువ్వు వేసేదాకా వాడికి ఊపిరాడదు" అని కెప్టెన్‌ను చూపిస్తూ అన్నారు.

2011లో డాలస్ మావరిక్స్‌కు డర్క్ నొవిట్‌స్కీ ఉన్నాడు. మయామీ హీట్‌కు లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ఉన్నారు. పేర్లను బట్టి చూస్తే పోటీయే కాదు. మొదటి మూడు మ్యాచ్‌ల తరువాత మయామీ 2–1 ఆధిక్యంలో ఉంది. డాలస్ బెంచ్ నుంచి వచ్చే జేసన్ టెర్రీని ఆఖరి క్వార్టర్లలో లెబ్రాన్ స్వయంగా కట్టడి చేశాడు. జట్టులోని అందరికన్నా పెద్ద స్టార్‌ను ఒక సిక్స్త్ మ్యాన్ (బెంచ్ నుంచి ముందుగా దిగే ఆటగాడు) మీద పెట్టారంటే ఆ సిక్స్త్ మ్యాన్ విలువ ప్రత్యర్థికి ఎంత బాగా తెలుసో గమనించండి.

నాలుగో మ్యాచ్‌కు డాలస్ కోచ్ రిక్ కార్లైల్ డిషాన్ స్టీవెన్సన్‌ను బెంచ్ మీదకు పంపి, ఆరడుగులని చెప్పినా అంతకంటే పొట్టిగా కనిపించే హోసే హువాన్ బరేయాను స్టార్టింగ్ ఫైవ్‌లోకి (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలోకి) తీసుకున్నాడు. అంతకుముందు ఆ సిరీస్‌లో బరేయా షాట్లు సరిగా పడలేదు. అయినా సహచరుడు టైసన్ చాండ్లర్ ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి వేసే స్క్రీన్ పక్కనుంచి దూసుకుపోయి బాస్కెట్ కిందకు చేరగలడని కోచ్ నమ్మాడు. ఆ మార్పు తరువాత డాలస్ వరుసగా మూడు మ్యాచ్‌లూ గెలిచింది. బరేయా ఐదో మ్యాచ్‌లో 17, ఆరో మ్యాచ్‌లో 15 పాయింట్లు చేశాడు.

ఆరో మ్యాచ్ జూన్ 12న మయామీలో జరిగింది. మా ఫ్లాట్‌లో నలుగురం నేల మీద కూర్చుని చూస్తున్నాము. తొలి సగంలో నొవిట్‌స్కీ 12 షాట్లు వేసి ఒక్కటే బాస్కెట్ చేశాడు, అతని ఖాతాలో మూడే పాయింట్లు. స్టార్ అలా ఆడిన రోజున మామూలుగా జట్టు పదిహేను పాయింట్లు వెనకబడి ఉండాలి. కానీ విరామ సమయానికి డాలస్ 53–51తో ముందంజలో ఉంది, ఎందుకంటే టెర్రీ అప్పటికే 19 పాయింట్లు చేశాడు. రెండో సగంలో నొవిట్‌స్కీ చేయి కుదిరి, అతను మరో 18 పాయింట్లు చేశాడు. డాలస్ 105–95తో తన తొలి టైటిల్ గెలుచుకుంది. ఆ రాత్రి అత్యధిక స్కోరు 27 పాయింట్లతో టెర్రీదే. నొవిట్‌స్కీకి ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు రావడం ముమ్మాటికీ న్యాయమే, అయితే అతను తేరుకునేదాకా మ్యాచ్‌ను చేజారనివ్వకుండా నిలిపింది టెర్రీ. సహాయక ఆటగాళ్ల పాయింట్లు ఎన్ని అన్నదానికన్నా ఎప్పుడు వచ్చాయన్నది ముఖ్యమని నేను అనడానికి ఆ తొలి సగమే కారణం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది 2013లో కనిపించింది. శాన్ ఆంటోనియో స్పర్స్ ఆటగాడు డానీ గ్రీన్ మొదటి ఐదు మ్యాచ్‌లలో 38 త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ప్రయత్నించి 25 వేశాడు, అప్పటి ఫైనల్స్ రికార్డును బద్దలు కొట్టాడు. స్పర్స్ 3–2తో టైటిల్ అంచుకు చేరారు. ఆ తరువాత ప్రత్యర్థి మయామీ హీట్ ఆటగాళ్లు అతన్ని వదిలి తోటివారి సాయానికి వెళ్లడం మానేశారు. చివరి రెండు మ్యాచ్‌లలో గ్రీన్ మొత్తం 19 షాట్లు వేస్తే రెండే పడ్డాయి, స్పర్స్ రెండూ ఓడారు. అతని తప్పు ఏమీ లేదు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఒకే ప్రత్యర్థి ఒకే ఆటగాడిని వారాల తరబడి చదువుతుంది, ఒక రాత్రి తెరుచుకున్న తలుపు మూడు రోజుల తరువాత మూసుకుపోతుంది. అదే ఏడో మ్యాచ్‌లో, అంతకుముందు ఆడే అవకాశమే బాగా తగ్గిపోయిన హీట్ ఆటగాడు షేన్ బాటియే, ఎనిమిది త్రీ పాయింటర్లలో ఆరు వేశాడు. లెబ్రాన్ చేసిన 37 పాయింట్లను అందరూ గుర్తుంచుకున్నారు. ఆ ఆరు షాట్లు పడకపోతే 95–88 అనే ఆ ఫలితం నిలిచేదని నేను అనుకోను.

బెంచ్ స్కోరు ఎక్కువ చేసిన జట్టే గెలుస్తుందన్న సూత్రం కూడా నిలవదు. 2025 ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో ఇండియానా బెంచ్ 49 పాయింట్లు చేస్తే ఓక్లహోమా సిటీ బెంచ్ 18 మాత్రమే చేసింది, ఆ మ్యాచ్ ఇండియానాదే. సిరీస్ మాత్రం ఓక్లహోమా సిటీ 4–3తో గెలిచింది. కాబట్టి మీరు ఈసారి ఫైనల్స్ చూసేటప్పుడు బంతి వెంట కాక, స్టార్ మీదకు రెండో మనిషి ఎక్కడి నుంచి వస్తున్నాడో చూడండి. అతను వదిలి వచ్చిన ఆటగాడి పేరు గుర్తుంచుకుని, తరువాతి మ్యాచ్‌లో కూడా అతన్నే వదులుతున్నారో లేదో గమనించండి.

కాకినాడ ఓటమి తరువాత ఏడాది పొడవునా రోజూ సాయంత్రం ఆ మూల నుంచి వంద షాట్లు వేశాను. మరుసటి సంవత్సరం అదే జట్టుతో ఆడినప్పుడు మొదటి క్వార్టర్‌లో రెండు వేశాను, ఆపైన మ్యాచ్ అంతా నన్ను కాపలా కాసే కుర్రాడు నన్ను విడిచి కదల్లేదు. నేను ఇంకొక్క పాయింటు కూడా చేయలేదు. మా కెప్టెన్ 31 చేశాడు.