కంగారూ పిల్లకు పుట్టగానే రోగనిరోధక శక్తి ఉంటుందా?

గుంటూరులో నా దగ్గర జువాలజీ చదివే అమ్మాయి అడిగింది: గర్భంలో సుమారు నెల మాత్రమే ఉండి పుట్టే కంగారూ జాతి పిల్లలు సంచిలోని బ్యాక్టీరియాను ఎలా తట్టుకుంటాయని. చాలా మంచి ప్రశ్న.

సొంత శక్తి దాదాపు ఉండదు. ఆస్ట్రేలియాలోని టామార్ వాలబీ అనే చిన్న కంగారూ పిల్ల పుట్టినప్పుడు అర గ్రాము కూడా తూగదు, శనగగింజంతే. రక్తంలో క్రిములను మింగే తెల్లకణాలు కొన్ని ఉంటాయి గానీ, క్రిమిని గుర్తుపట్టి యాంటీబాడీలతో ఎదుర్కొనే లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు ఇంకా సిద్ధంగా ఉండవు. లింఫోసైట్లలో ఒక రకమైన టి-కణాలు పక్వమయ్యే థైమస్ గ్రంథి, పిల్ల సంచిలోకి చేరాకే ఎదుగుతుంది. వాలబీకి థైమస్‌లు రెండు: ముందు మెడలోది, తర్వాత ఛాతీలోది ఎదుగుతాయి.

అందాకా కాపాడేది తల్లే. ప్రసవానికి ముందు సంచిని నాకి శుభ్రం చేస్తుంది. పాలలో యాంటీబాడీలు వస్తాయి. నాకు బాగా ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే. మన ఆవుదూడ పేగు ముర్రుపాలలోని యాంటీబాడీలను సుమారు మొదటి రోజు మాత్రమే నేరుగా రక్తంలోకి పీల్చుకుంటుంది. అందుకే రైతులు ఈనిన వెంటనే ముర్రుపాలు తాగించాలని తొందరపడతారు. వాలబీ పిల్ల పేగు మాత్రం దాదాపు 200 రోజులు ఆ దారి తెరిచే ఉంచుతుంది!

ఇవి కాక పాలలో, సంచి చర్మంపైన క్రిములను చంపే చిన్న ప్రొటీన్లు ఉంటాయి. కంగారూలాగే పిల్లలను సంచిలో పెంచే టాస్మేనియన్ డెవిల్ అనే జంతువులో దొరికిన అలాంటి వాటిలో ఒకటి, యాంటీబయోటిక్‌లకూ లొంగని మొండి బ్యాక్టీరియాను సైతం చంపగలదని సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించారు.