ట్యాన్, కాట్ నోటికి వచ్చినా లెక్క రాకపోతే గోపురం ఎత్తు కొలిపించండి
మేడమ్, మీ పదో తరగతి పిల్లలకు త్రికోణమితిలో ట్యాన్, కాట్ విలువలన్నీ నోటికొచ్చినా ఎత్తులు-దూరాల లెక్క ఇస్తే బిగుసుకుపోతున్నారన్నారు కదా, వాళ్లతో మన తిరుపతి గోవిందరాజస్వామి గుడి గోపురం ఎత్తు కొలిపించండి. కోణమాని తిన్నని అంచుకు స్ట్రా అంటించి, మధ్య బిందువు నుంచి దారంతో ఒక నట్టు వేలాడదీస్తే చాలు; స్ట్రాలోంచి శిఖరాన్ని చూసినప్పుడు దారం చూపే అంకెకూ 90కీ ఉన్న తేడాయే ఊర్ధ్వకోణం, అంటే మన చూపు పైకి లేచిన కోణం. గోపురం అడుగు మధ్యదాకా టేపు పోదు కాబట్టి, శిఖరం 30 డిగ్రీల్లో కనిపించే చోట ఒక గుర్తు, నేరుగా ముందుకు నడిచి 45 వచ్చిన చోట ఇంకో గుర్తు పెట్టించండి. ఆ రెండింటి మధ్య దూరాన్ని 0.732తో భాగించి కంటి ఎత్తు కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. 0.732 ఎక్కడిదో మాత్రం మీరు చెప్పొద్దు, బొమ్మ గీసి వాళ్లనే రాబట్టనివ్వండి, అసలు పాఠమంతా అక్కడే ఉంది. జట్టుకో జవాబు వస్తుంది, టెన్షన్ పడకండి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే వాదించుకోనివ్వండి. పొద్దున్నే వెళ్తే జనం తక్కువ.